ఓట్లు లెక్కపెట్టే విద్యలోకి ఎలా దిగాలి: ఎరిక్ మాస్కిన్ వెళ్లిన దారి

ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అనగానే మనవాళ్లకు బడ్జెట్, ద్రవ్యోల్బణం, షేర్ మార్కెట్ ఇవే గుర్తొస్తాయి. ఓట్లు ఎలా లెక్కపెట్టాలి అన్న ప్రశ్న వెంటపడి యాభై ఏళ్లు గడిపినవాళ్లు, దానికి దగ్గరి పనికి నోబెల్ అందుకున్నవాళ్లు కూడా ఎకనామిస్టుల్లోనే ఉన్నారంటే చాలామంది వింతగా చూస్తారు. ఈ వైపు ఆసక్తి ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని డిగ్రీ, బీటెక్ పిల్లల కోసం ఇది రాస్తున్నా. టెక్స్ట్‌బుక్ వరసలో కాకుండా ఒక మనిషి కెరీర్‌ను పట్టుకుని చెప్తాను. ఆ మనిషి హార్వర్డ్ ప్రొఫెసర్ ఎరిక్ మాస్కిన్, 2007లో లియోనిడ్ హర్విచ్, రోజర్ మైర్సన్‌లతో కలిసి నోబెల్ పంచుకున్నాయన. ఎవరైనా ఒకరి దారి చూస్తే, ఏ సిద్ధాంతం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలుస్తుంది. అది తెలియకుండా చదివితే ఈ సబ్జెక్టు ఉత్త గుర్తుల గుట్ట.

ముందు పుస్తకాలు పక్కనపెట్టి కాగితం, పెన్ను తీసుకోండి.

తొమ్మిదిమంది ఫ్రెండ్స్ టూర్ వెళ్దామనుకున్నారు. అరకు, శ్రీశైలం, హంపి, ఈ మూడింట్లో ఒకటి. నలుగురి వరస: అరకు, తర్వాత శ్రీశైలం, చివర హంపి. ముగ్గురిది: హంపి, శ్రీశైలం, చివర అరకు. మిగతా ఇద్దరిది: శ్రీశైలం, హంపి, చివర అరకు. ఇప్పుడు ఎక్కడికెళ్లాలి?

మన ఎమ్మెల్యే ఎన్నికల పద్ధతిలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే గెలుపు కాబట్టి అరకు, నాలుగు ఓట్లతో. పట్టభద్రుల ఎమ్మెల్సీ పద్ధతి పెడితే, అందరికన్నా తక్కువ వచ్చిన శ్రీశైలం ఎలిమినేట్ అవుతుంది, ఆ రెండు ఓట్లు రెండో ప్రాధాన్యత ప్రకారం హంపికి వెళ్తాయి, హంపి 5, అరకు 4, హంపి గెలిచింది. ఇక రెండేసి జతలుగా పోటీ పెట్టి చూడండి: శ్రీశైలమా అరకా అంటే శ్రీశైలానికి 5, అరకుకు 4. శ్రీశైలమా హంపా అంటే శ్రీశైలానికి 6, హంపికి 3. అంటే ఎవరితో ముఖాముఖి పెట్టినా గెలిచేది శ్రీశైలమే, ఎమ్మెల్సీ పద్ధతిలో అందరికన్నా ముందు ఇంటికెళ్లిందీ అదే. మనుషులు మారలేదు, ఇష్టాలు మారలేదు, లెక్కపెట్టే పద్ధతి మారితే మూడు పద్ధతుల్లో మూడు ఊళ్లు గెలిచాయి.

ఇలా ముఖాముఖిలో అందరినీ ఓడించేవాళ్లను ఈ రంగంలో కాండోర్సే విజేత అంటారు. కాండోర్సే 18వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితజ్ఞుడు, 1785లో దీని మీద పుస్తకమే రాశాడు. ఆయన సమకాలికుడు బోర్డా ఇంకో పద్ధతి చెప్పాడు: మొదటి స్థానానికి 2, రెండో స్థానానికి 1, చివరిదానికి సున్నా మార్కులిచ్చి కూడటం. మన లెక్కలో శ్రీశైలానికి 11, మిగతా రెండింటికీ ఎనిమిదేసి వస్తాయి, మీరే వేసి చూసుకోండి. ఈ తొమ్మిది ఓట్లున్న కాగితం పారేయకండి, కింద మళ్లీ పని ఉంది.

ఇదంతా ఉదాహరణల కోసం అల్లిన లెక్క అనుకునేవాళ్లకు 1969 రాష్ట్రపతి ఎన్నిక ఉంది. పోటీ ప్రధానంగా వి.వి. గిరికీ నీలం సంజీవరెడ్డికీ, ఇద్దరూ తెలుగువాళ్లే. మూడోవాడు సి.డి. దేశ్‌ముఖ్, రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నరు. మొదటి ప్రాధాన్యత లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి (ఇవి తలలు కావు, ఎంపీ, ఎమ్మెల్యే ఓట్ల విలువలు). గెలవాలంటే 4,18,169 కావాలి, ఎవరికీ రాలేదు. కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ వాళ్ల ఓట్లు పంచితే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. 'ఆత్మప్రబోధం' ఓటు, కాంగ్రెస్ చీలిక, ఇందిరా గాంధీ, ఆ రాజకీయమంతా మనవాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారు. పరిశోధకుడు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతాడు: గిరికి మొదటి ఓటేసినవాళ్లు రెండో ప్రాధాన్యత ఎవరికిచ్చారు? సంజీవరెడ్డికి వేసినవాళ్లు? ఆ రెండు కట్టల్లోని రెండో అంకెలు లెక్కకే రాలేదు, ఎందుకంటే ఈ పద్ధతిలో ఓడి తప్పుకున్నవాళ్ల బ్యాలెట్లలోనే రెండో ప్రాధాన్యత చూస్తారు. కాబట్టి దేశ్‌ముఖ్‌ను గిరితో ముఖాముఖి పెడితే ఏమయ్యేదో ఈ అంకెల నుంచి చెప్పలేం. ఒక ఫలితం చూడగానే 'ఈ లెక్క ఏం చూపిస్తోంది, ఏం దాచిపెడుతోంది' అని అడగడం అలవాటైతే సగం దారి వచ్చేసినట్టే.

ఇక మాస్కిన్ దగ్గరికి.

1950లో న్యూయార్క్‌లో పుట్టాడు, హార్వర్డ్‌లో చదివింది మ్యాథ్స్. ఎకనామిక్స్ చేయాలన్న ప్లానేమీ లేదు. కెన్నెత్ ఆరో చెప్పే ఒక కోర్సులో అనుకోకుండా కూర్చున్నాడు, అందులో హర్విచ్ చేస్తున్న మెకానిజం డిజైన్ (కోరుకున్న ఫలితం వచ్చేలా నియమాలు కట్టే విద్య) పని పరిచయమైంది, అంతే, 1976లో అప్లయిడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి మనిషి పూర్తిగా ఇటు వచ్చేశాడు. ఇక్కడ మీరు పట్టుకోవాల్సింది ఆరో ఎవరన్నది. ఆయన 1951లో నిరూపించింది ఇది: పోటీలో ముగ్గురు అంతకన్నా ఎక్కువమంది ఉన్నప్పుడు, ఓటర్ల ఇష్టాలు ఎలా ఉన్నా పనిచేయాలి, అందరూ ఒకరినే మెచ్చితే వాళ్లకే అగ్రస్థానం దక్కాలి, ఇద్దరి మధ్య పోలిక మూడోవాడిమీద ఆధారపడకూడదు, ఒకే మనిషి మాట అందరి మీదా చెల్లకూడదు అని షరతులు పెట్టి, అందరి ఇష్టాలనూ కలిపి ఒక వరస ఇమ్మంటే అలాంటి పద్ధతి ఉండదు. బాగుండదని కాదు, అసలు ఉండదు.

ఆరో సిద్ధాంతం చదివేటప్పుడు నా సలహా ఒక్కటే. రుజువు చిన్నది, రెండు పేజీల్లో దొరుకుతుంది, అందుకే పిల్లలు ఒక సాయంత్రం చదివేసి 'అయిపోయింది' అనుకుంటారు. అలా కాదు. ఒక్కో షరతును తీసేసి, మిగతావన్నీ పాటించే పద్ధతి ఒకటి మీరే కట్టండి. మూడోవాడి షరతు తీసేస్తే బోర్డా బయటికొస్తాడు. నియంత వద్దన్న షరతు తీసేస్తే నియంతే వస్తాడు. 'ఇష్టాలు ఎలా ఉన్నా' అన్నది సడలిస్తే ముఖాముఖి మెజారిటీ పద్ధతి పనిచేసే చోట్లు కనిపిస్తాయి. ఇలా చేశాక ఆ సిద్ధాంతం ఇంక మర్చిపోరు.

దీని పక్కనే చదవాల్సింది గిబ్బర్డ్ 1973లో, శాటర్‌త్వైట్ 1975లో విడివిడిగా తేల్చిన ఫలితం: గెలవడానికి ముగ్గురికైనా అవకాశం ఉన్న ఏ పద్ధతిలోనైనా, నియంతృత్వం తప్ప, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరికి అబద్ధం ఓటేస్తేనే లాభం. 'వాడికెలాగూ రాదు, ఓటు వేస్ట్ ఎందుకు' అని మనింట్లో అనుకునే మాటకు గణితంలో ఉన్న రూపం ఇదే. గేమ్ థియరీ ఇక్కడే అడుగుపెడుతుంది, ఎందుకంటే ఓటరు ఇప్పుడు తన ఇష్టం చెప్పడం లేదు, మిగతావాళ్లు ఏం చేస్తారో ఊహించి ఎత్తు వేస్తున్నాడు.

మాస్కిన్ గొప్పతనం ఇక్కడుంది. సరే, జనం ఎత్తులు వేస్తారు, వేయనీ అన్నాడు. నిజం చెప్పించడం మన పని కాదు, వాళ్లు ఎంత తెలివిగా ఆడినా, ఆ ఆట ఎక్కడ ఆగినా (అంటే ప్రతి నాష్ సమతౌల్యంలోనూ, ఎవరూ తానొక్కడే ఎత్తు మార్చి లాభపడలేని స్థితి అది) మనం కోరుకున్న ఫలితమే వచ్చేలా ఆటను కట్టగలమా అని అడిగాడు. పీహెచ్‌డీ అయ్యాక ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ జీసస్ కాలేజీలో ఉంటూ దీని మీద పనిచేశాడు. 1977కల్లా జవాబు చేతిలో ఉంది. ఆ జవాబులో అసలు మాట ఒక షరతు, ఇప్పుడు దాన్ని మాస్కిన్ మొనొటోనిసిటీ అంటారు: ఒక ఫలితం ఎంపికైంది, తర్వాత ఇష్టాలు మారాయి, కానీ ఎవరి వరసలోనూ ఆ ఫలితం దేనికన్నా కిందికి జారలేదు, అప్పుడు కూడా అదే ఎంపిక కావాలి. ఈ షరతు పాటించని నియమాన్ని ఏ ఆట కట్టినా అమలు చేయలేరు. పాటిస్తే, ముగ్గురు అంతకన్నా ఎక్కువమంది ఉండి, ఒక్కడు మాత్రమే అడ్డుపడితే ఆగిపోయే పరిస్థితి లేకపోతే, అమలు చేయొచ్చు.

ఆ తొమ్మిది ఓట్ల కాగితం మళ్లీ తీయండి. మన ఎమ్మెల్యే పద్ధతిలో గెలిచింది అరకు. ఇప్పుడు ఆ ముగ్గురు హంపివాళ్ల మనసు మారి శ్రీశైలాన్ని మొదట, హంపిని రెండో స్థానంలో పెట్టారనుకోండి. వాళ్లకు అరకు అప్పుడూ చివరే, ఇప్పుడూ చివరే. మిగతా ఆరుగురూ ఏమీ మార్చలేదు. అరకు ఎక్కడా ఒక్క మెట్టు కూడా దిగలేదు. అయినా ఇప్పుడు శ్రీశైలానికి 5 ఓట్లు, అరకు ఓడిపోయింది. షరతు తప్పింది. కాబట్టి మన ఎమ్మెల్యే పద్ధతి ఇచ్చే ఫలితాన్ని, జనం నిజమైన ఇష్టాల ప్రకారం ఎప్పుడూ రావాలని ఎంత తెలివైన ఆట కట్టినా సాధించలేం. ఎమ్మెల్సీ పద్ధతికి ఇదే పరీక్ష మీరు పెట్టి చూడండి, అక్కడ గెలిచింది హంపి కాబట్టి ఈసారి ఆ నలుగురు అరకువాళ్లు శ్రీశైలాన్ని మొదట, అరకును రెండో స్థానంలో పెట్టారనుకోండి, చాలు.

రెండో వైపు రుజువు కోసం మాస్కిన్ కట్టిన ఆట చదివితే నవ్వొస్తుంది. అందరూ అందరి ఇష్టాలూ రాసి ఇవ్వాలి, ఒక అంకె కూడా రాయాలి. అందరూ ఒకే మాట చెప్తే సరే, ఒకడు తేడాగా చెప్తే వాడికో నియమం, అందరూ తలోమాట చెప్తే మాత్రం పెద్ద అంకె రాసినవాడి మాటే చెల్లుతుంది. ఇదేం ఆటండీ, ఎవరైనా ఇలా ఆడతారా అని విమర్శకులు ఎప్పటి నుంచో అంటున్నారు, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది. కానీ ఆ ఆట నిజంగా ఆడించడానికి కట్టింది కాదు, సాధ్యమేనని చూపించడానికి కట్టింది. ఆ తేడా తెలియకుండా ఈ రంగంలో పేపర్లు చదివితే ప్రతిదీ పిచ్చిగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ముఖ్యంగా పబ్లికేషన్ల టెన్షన్ పడేవాళ్లకు. 1977లో చేతులు మారడం మొదలైన ఆ పేపరు జర్నల్లో అచ్చయింది 1999లో. మొదటి రుజువులో ఒకచోట ఖాళీ ఉంటే దాన్ని వేరేవాళ్లు పూడ్చారు. ఈలోగా ఆ పేపరు మీద ఒక రంగమే లేచింది. మన దగ్గర ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాస్కర్ దత్తా, అరుణవ సేన్ దీన్ని ఇద్దరే ఆడే ఆటలకు సాధించి 1991లో ప్రచురించారు, ముగ్గురున్నప్పటి రుజువు ఇద్దరికి పనిచేయదు కాబట్టి అది వేరే కష్టం. అయితే మీరు ఇరవై రెండేళ్లు ఆగొచ్చని దీన్ని అర్థం చేసుకోకండి, ఇప్పటి జాబ్ మార్కెట్ ఆగదు.

ఓటింగ్ మీదే పనిచేస్తే కడుపు నిండుతుందా? మాస్కిన్ సీవీ చూస్తే జవాబు దొరుకుతుంది. డ్రూ ఫ్యూడెన్‌బర్గ్‌తో కలిసి పదేపదే ఆడే ఆటల మీద 1986లో, జాన్ టిరోల్‌తో కంపెనీల పోటీ మీద 1988లో, జాన్ రైలీతో వేలంపాటల మీద, తర్వాత పేటెంట్ల మీద, కాంట్రాక్టుల మీద. ఎంఐటీ, హార్వర్డ్, 2000 నుంచి ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ (అక్కడ ఐన్‌స్టైన్ ఉన్న ఇంట్లోనే కాపురం), 2012లో మళ్లీ హార్వర్డ్. ఎక్కడున్నా అడిగింది ఒకటే: ఎవరికి వాళ్లకే తెలిసిన సమాచారం ఉంది, వాళ్ల స్వార్థం వాళ్లకుంది, నియమం ఎలా కట్టాలి? వేలంపాటైనా ఎన్నికైనా లోపలి లెక్క ఒకటే. కాబట్టి పీహెచ్‌డీలో ఓటింగ్ మీద ఒక చాప్టర్, మెకానిజం డిజైన్‌లో డబ్బున్న సమస్య మీద ఒక చాప్టర్ ఉంచుకోవడం మంచిది. ఆన్‌లైన్ యాడ్ల వేలం మీద పనిచేసినవాళ్లను కంపెనీలు తీసుకుంటాయి, కాండోర్సే చక్రాల మీద మాత్రమే పనిచేసినవాళ్లను అడిగే కంపెనీ నాకైతే కనపడలేదు.

చక్రం అన్నాను కాబట్టి: ముగ్గురు ఓటర్లలో ఒకరికి క-చ-ట, ఒకరికి చ-ట-క, ఒకరికి ట-క-చ వరస ఉంటే క చ మీద గెలుస్తుంది, చ ట మీద, ట మళ్లీ క మీద. ముఖాముఖి పద్ధతికి ఇదే గండం. పార్థ దాస్‌గుప్తాతో కలిసి మాస్కిన్ 2008లో ప్రచురించిన పేపరు ఈ గండాన్ని ఎదురుగా పట్టుకుంది. ఏ పద్ధతీ అన్ని పరిస్థితుల్లో పనిచేయదని ఆరో చెప్పేశాడు కదా, మరి ఎక్కువ పరిస్థితుల్లో పనిచేసేది ఏది? స్థూలంగా వాళ్ల జవాబు: న్యాయమైన పద్ధతికి పెట్టే మామూలు షరతులన్నీ ఏ పద్ధతి ఎక్కడ పాటించినా అక్కడ ముఖాముఖి మెజారిటీ కూడా పాటిస్తుంది, ఆ పద్ధతులు చేతులెత్తేసే కొన్ని చోట్ల కూడా అది నిలబడుతుంది. కుదరదన్న సిద్ధాంతం నుంచి ఏది మేలన్న ప్రశ్నకు మళ్లడం, ఈ మలుపు నేర్చుకోండి, మంచి థీసిస్‌లు చాలావరకు ఇలాగే పుడతాయి.

ఆ తర్వాత ఆయన బయటికొచ్చి పేపర్లలో వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు, అమర్త్య సేన్‌తో కలిసి కూడా. 2022 ఆగస్టులో అలాస్కాలో ప్రాధాన్యత ఓట్లతో జరిగిన ఉప ఎన్నిక చేతికందిన ఉదాహరణ అయింది: మేరీ పెల్టోలా, శారా పేలిన్, నిక్ బెగిచ్. మూడో స్థానంలో ఉన్న బెగిచ్ ఎలిమినేట్ అయ్యాడు, చివరికి పెల్టోలా 91,266, పేలిన్ 86,026. బ్యాలెట్ల రికార్డులు బయటపెట్టాక లెక్కేస్తే, ముఖాముఖిలో ఆ ఇద్దరినీ ఓడించేది బెగిచే! అచ్చం మన శ్రీశైలం. అదే ఏడాది ఎడ్వర్డ్ ఫోలీ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌తో కలిసి మాస్కిన్ ఒక సవరణ చెప్పాడు: ప్రతి రౌండులో మొదటి ఓట్లు తక్కువ వచ్చినవాడికి బదులు బోర్డా మార్కులు తక్కువ వచ్చినవాణ్ని పంపించండి. ముఖాముఖిలో అందరినీ గెలిచేవాడు ఉంటే ఈ పద్ధతిలో ఎప్పుడూ మధ్యలో పోడు, ఎందుకంటే వాడి బోర్డా మార్కులు ఎప్పుడూ సగటు కన్నా ఎక్కువే ఉంటాయి. ఎందుకో రుజువు చేయండి. నాలుగు లైన్లు, పెద్ద మ్యాథ్స్ అక్కర్లేదు, ఇది చేయగలిగితే మీరు ఈ రంగంలో బతకగలరు.

ఇక మీ సంగతి.

డిగ్రీ ఏదైనా పర్లేదు, కానీ రియల్ అనాలసిస్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ఉండాలి, ఎకనామిక్స్ బీఏ చేసి మ్యాథ్స్ వదిలేసినవాళ్లు ముందు అది కట్టుకోవాలి. ఇండియాలో ఈ రంగానికి అసలు ఇల్లు ఢిల్లీ. అమర్త్య సేన్ ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్నప్పుడే 1970లో సామాజిక ఎంపిక (సోషల్ ఛాయిస్, అందరి ఇష్టాలనూ కలిపి నిర్ణయం తీసుకోవడం) మీద తన పెద్ద పుస్తకం తెచ్చాడు, ఆ తర్వాత ప్రశాంత పట్నాయక్, ఇటు ఐఎస్ఐలో (పైన చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) దత్తా, అరుణవ సేన్. ఐఎస్ఐలో మాస్టర్స్ దొరికితే రెండో ఆలోచన పెట్టుకోకండి. దేబాశీష్ మిశ్రా లెక్చర్ నోట్స్ ఉచితంగా దొరుకుతాయి, మెకానిజం డిజైన్‌కు నేను చూసినవాటిలో అవే శుభ్రంగా ఉంటాయి.

బీటెక్ కంప్యూటర్స్ చదివినవాళ్లకు ఇంకో తలుపు తెరిచే ఉంది. 1989లో బార్తోల్డి, టోవీ, ట్రిక్ అనే ముగ్గురు ఒక ప్రశ్న వేశారు: అబద్ధం ఓటుతో లాభం ఉండొచ్చు, కానీ ఏ అబద్ధం వేయాలో కనిపెట్టడానికి కంప్యూటర్‌కు కూడా యుగాలు పడితే? అక్కడి నుంచి కంప్యుటేషనల్ సోషల్ ఛాయిస్ పుట్టింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో వై. నరహరి గేమ్ థియరీ గ్రూపు, ఎన్‌పీటీఈఎల్‌లో స్వప్రవ నాథ్ కోర్సు, ఈ రెండూ చూసుకోండి. ఇంజినీరింగ్ సీట్ల కోసం వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్లు ఈ సబ్జెక్టులో అప్పటికే ఒకసారి ఆడేశారు, తెలియకుండా. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు 2015 నుంచి కలిపి నడుస్తున్న కేటాయింపు గేల్, షాప్లీ 1962లో రాసిన అల్గారిథమ్ మీద కట్టిందే. 'కష్టమైన కాలేజీ ముందు పెడితే సేఫ్ కాలేజీ పోతుందేమో' అని బంధువులు ఇచ్చే సలహా అందుకే తప్పు: ఆ అల్గారిథమ్‌లో ఇష్టం ఉన్న వరస ఉన్నట్టుగా పెట్టడమే మేలు.

మొదటి ప్రాజెక్టుకు కొత్త సిద్ధాంతం కోసం తలబద్దలు కొట్టుకోకండి. ప్రెఫ్‌లిబ్ అనే వెబ్‌సైట్‌లో నిజమైన ప్రాధాన్యత బ్యాలెట్లు దొరుకుతాయి, అందులో 2002 ఐర్లండ్ ఎన్నికల్లో డబ్లిన్ నియోజకవర్గాలవి కూడా ఉన్నాయి. పైథాన్‌లో ముఖాముఖి పట్టిక, బోర్డా, ఎలిమినేషన్, మూడూ రాయండి. ఏ పద్ధతుల్లో విజేత మారుతున్నాడో చూడండి. అసలు కష్టం ఒకచోట వస్తుంది: జనం మొత్తం వరస రాయరు, రెండు మూడు పేర్లు రాసి వదిలేస్తారు. రాయనివాళ్లందరినీ చివర సమానంగా పెట్టాలా, ఆ జతలో ఓటు లేనట్టు తీసుకోవాలా? మీరు తీసుకున్న నిర్ణయాన్నిబట్టి బోర్డా ఫలితం మారిపోవచ్చు. ఆ నిర్ణయం మీద రెండు పేజీలు నిజాయితీగా రాస్తే ఏ ప్రొఫెసరైనా చదువుతాడు.

ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు 'గౌరవనీయులైన సార్, మీ పని నాకెంతో స్ఫూర్తి' అని ఒక పేరా, మార్కుల జాబితా ఇంకో పేరా పెట్టకండి. ఆయన పేపరులో మూడో సిద్ధాంతం ముగ్గురు ఓటర్లున్నప్పుడు నిలబడుతుందా అని మీరు ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో ఐదు లైన్లలో రాయండి, మీ కోడ్ లింకు పెట్టండి. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఆయన స్టూడెంట్లలో ఒకరికి రాయండి. వాళ్లే తొందరగా జవాబిస్తారు, చాలాసార్లు ప్రొఫెసర్ కన్నా ఓపిగ్గా.